ఏడో నంబరు పొట్ట

ఏడో నంబరు సీసాలో ఉన్నది తన అత్తగారి పొట్టేనని మృణాళినికి ఒక మధ్యాహ్నం భోజనాల వేళ తెలిసిపోయింది.

నిజానికి తెలియకూడదు. తెలియకుండా ఉండాలని కాకినాడ ఉప్పుటేరు ఒడ్డున ఉన్న ఆ ప్రయోగశాలలో చాలా కట్టుదిట్టాలే చేశారు. సీసాల మీద పేర్లు రాయలేదు, అంకెలు వేశారు. ఏ అంకె ఎవరిదో, ఎవరికి ఏ మందు వెళుతోందో ప్రయోగశాల అధిపతి డాక్టర్ సలోమికి తప్ప నరమానవుడికి తెలియదు. ఆవిడ నోట్లోంచి మాట రాబట్టడం ఎవరి తరమూ కాదు. అలాంటిది, మృణాళిని సీసాల గదిలో నిలబడి అత్తగారికి ఫోను చెయ్యడంతో గుట్టు బయటపడింది.

"అత్తయ్యా, భోజనం అయిందా?"

"ఆఁ, అయిపోయిందమ్మా. నువ్వు తిన్నావా?"

"తిన్నానండీ," అంది మృణాళిని. తినలేదు. రోజూ ఈ వేళకి ఫోను చెయ్యడం, రోజూ ఈ అబద్ధం ఆడడం ఆమెకి అలవాటే. "మందు వేసుకోండి మరి."

"వేసుకుంటానమ్మా. నువ్వు పని చూసుకో."

"అత్తయ్యా" అన్న మాట నోట్లోంచి వచ్చీ రాగానే బల్ల మీదున్న డజను సీసాల్లో ఒకటి కదిలింది. లేత గులాబిరంగులో నిమ్మకాయంత ఉండే పొట్ట పిడికిలి బిగించినట్టు ముడుచుకుంది. గోడలు ఎర్రబడ్డాయి. పక్కనున్న తెర మీద ఆమ్లం గీత నిటారుగా లేచింది. మిగిలిన సీసాలన్నీ తమకేం పట్టనట్టు ఊరుకున్నాయి.

మర్నాడు అదే వేళకి మళ్ళీ ఫోను చేసింది, ఈసారి ఏడో నంబరు కేసే చూస్తూ. మళ్ళీ బిగుసుకుంది. ఆ మర్నాడూ అంతే. ఇక సందేహానికి చోటులేదు. తన గొంతు వింటే చాలు, అత్తగారి పొట్ట ముడుచుకుపోతోంది.

మృణాళినికి తల కొట్టేసినట్టయింది.

ఈ సీసాల సంగతి కాస్త చెప్పాలి. పొట్టలో పుండు ఉన్న మనిషి నుంచి ఆవగింజంత ముక్క తీసి వెచ్చని ద్రవంలో పెంచితే, పుండుతో సహా చిన్న పొట్ట తయారవుతుంది. తర్వాత ఆ మనిషి చేత మిరియపు గింజంత పూస ఒకటి మింగిస్తారు. అది లోపల గోడకి అంటుకుని, ఎంత ఆమ్లం ఊరుతోందో, గోడలు ఎలా కదులుతున్నాయో, నరాలు ఏం చెబుతున్నాయో ఎప్పటికప్పుడు సీసాకి చేరవేస్తుంది. మనిషి ఊళ్ళో ఎక్కడున్నా సరే, ఇక్కడ సీసాలోది అచ్చం అలాగే కదులుతుంది. మనిషి మందు మింగిందని పూస చెప్పగానే, యంత్రం అదే మందు సీసాలోనూ ఒక చుక్క వేస్తుంది. పుండు మానుతోందా లేదా అని రోజూ గొంతులోకి గొట్టం దింపి చూడనక్కర్లేదు, సీసాలోకి చూస్తే చాలు. పత్రాల్లో దానికేదో పెద్ద పేరుంది గాని, ప్రయోగశాలలో అందరూ జోడు పొట్ట అనేవారు. పూసకి తెలియనిది ఒక్కటే, లోపలికి అన్నం వచ్చిందా లేదా అన్నది. పొట్ట పడే అవస్థ చెబుతుందే తప్ప, దానికి కారణం చెప్పదు.

పూస మింగిన రోజున మాణిక్యాంబ దాన్ని అరచేతిలో అటూ ఇటూ దొర్లించి, "ముత్యమైతే బావుండేది గదమ్మా, బయటికి వచ్చేక కడుక్కుని ముక్కుపుడక చేయించుకునేదాన్ని," అని డాక్టర్ సలోమి అంతటి మనిషిని కూడా నవ్వించింది.

అత్తగారిని ఈ పరీక్షలో చేర్చుకోమని బతిమాలింది మృణాళినే. అక్కడ పోటీ రెండు మందుల మధ్య. ఒకటి ఆమ్లం ఊరకుండా ఆపే మాత్ర, దేశమంతా ఎప్పట్నించో వాడుతున్నదే. రెండోది పూత మందు. గోడకి సున్నం వేసినట్టు పుండు మీద పొరగా పరుచుకుని, కింద కొత్త కండ పూడేదాకా కాపలా కాస్తుంది. ఆ పూత మందు మృణాళినిది. పెళ్ళయిన దగ్గర్నించీ ఆమె పండగలూ పబ్బాలూ అన్నీ దానికే ధారపోసింది. కొద్ది వారాల వైద్యంలో ఏది ముందు పుండు మాన్పుతుందో ఈ సీసాలు తేల్చాలి. రెండు మందులూ ఒకే రంగు గొట్టాల్లో ఉంటాయి గనక ఎవరికి ఏది దక్కిందో తెలియదు. మధ్యాహ్నం భోజనం కాగానే ఒకటి వేసుకోవాలి, అంతే.

ఇప్పుడు ఆ పోటీ ఆమె బుర్రలో వెనక్కి పోయింది. ఇంకో పోటీ ముందుకొచ్చింది.

ఏడో నంబరు పొట్ట ఆమె గొంతుకి బిగుసుకుంటుంది, బాగానే ఉంది. కానీ ఫోను పెట్టేసిన కాసేపటికల్లా మెల్లగా వదులవుతోంది. తెర మీద గీత కిందికి దిగుతోంది. సాయంత్రం దాకా పసిపాప నిద్రలా ఉంటోంది. పైగా అన్ని సీసాల్లోకీ దాని పుండే తొందరగా పూడుతోంది. మధ్యాహ్నం వేళ అక్కడ ఏం జరుగుతోంది? ఎవరు ఆ పొట్టని జోకొడుతున్నారు?

ఎవరో తెలియక కాదు. మాణిక్యాంబ ఉంటున్నది జగన్నాథపురంలో చిన్నకొడుకు ఇంట్లో. చిన్నకోడలు సత్యవేణి.

ఆ సాయంత్రం మృణాళిని సత్యవేణికి ఫోను చేసి, ఏదో మాటల్లో వచ్చినట్టు అడిగింది. "మధ్యాహ్నాలు అత్తయ్యకి పొద్దుపోతోందా వేణీ?"

"పొద్దుపోకేం అక్కా! ఇద్దరం అష్టాచెమ్మా ఆడుకుంటాం. ఈవిడ దొంగాట చూడాలి నువ్వు. గవ్వ బోర్లా పడితే చీర కుచ్చెళ్ళతో వెల్లకిలా తిప్పేస్తారు. పైగా నా మీద కోప్పడతారు!" అని పకపకా నవ్వింది సత్యవేణి.

మృణాళిని కూడా నవ్వింది. ఫోను పెట్టేసింది. అత్తగారు దొంగాట ఆడుతుందని ఆమెకి ఇన్నేళ్ళలో తెలియదు. తనతో ఎప్పుడూ ఆడలేదు మరి. ఎవరైనా ఇంటికొస్తే, "మా పెద్దకోడలు సైంటిస్టండీ," అని కుర్చీ చూపించినట్టు చూపిస్తుంది. చిన్నదాన్ని మాత్రం "వేణమ్మా" అంటుంది. తనని "మృణాళినీ" అని పూర్తి పేరుతో పిలుస్తుంది, బళ్ళో హాజరు తీసుకుంటున్నట్టు. మామగారు పోయాక ఎవరి దగ్గరుంటారని అడిగితే, "ఆ లిఫ్టులూ ఆ తలుపులూ నాకెక్కడ అలవాటవుతాయిలే," అని చిన్నదాని ఇంటికే వెళ్ళిపోయింది. అప్పుడు లిఫ్టు సాకని మృణాళిని సర్దిచెప్పుకుంది. ఇప్పుడు సాక్ష్యం సీసాలో కళ్ళెదుట ఉంది. గౌరవం తనకీ, ప్రేమ దానికీ పంచిపెట్టిందావిడ.

ఆ రాత్రి మృణాళిని చెయ్యకూడని పని చేసింది. ఏడో నంబరు సంకేతాలు తన ఫోనులో కనబడేలా పెట్టుకుంది. డాక్టర్ సలోమికి తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది. తెలిసే చేసింది.

ఆదివారం పళ్ళు పట్టుకుని జగన్నాథపురం వెళ్ళింది. అప్పటికి మధ్యాహ్నం దాటిపోతోంది. మాణిక్యాంబ వీధి అరుగు మీదే కూర్చుని ఉంది.

"వచ్చేవా అమ్మా! ఎండలో వచ్చేవు. తిన్నావా?"

"లేదండీ, ఇక్కడే తిందామని."

మృణాళిని చేతిలో ఫోను చిన్నగా అదిరింది. వంచి చూసుకుంది. గీత నిటారుగా లేచింది. అత్తగారి మొహం మీద నవ్వు, లోపల పొట్ట ముడుచుకుపోతోంది. ఎంత చక్కగా నటిస్తున్నారు అనుకుంది మృణాళిని. ఆ నవ్వు ఇంతకుముందు ఎన్నిసార్లు నమ్మిందో తలుచుకుంటే ఒళ్ళు మండింది.

ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. సత్యవేణి బీరకాయ పాలుపోసిన కూర వడ్డిస్తోంది, పథ్యమని కారం తగ్గించి. "వేణమ్మా, నెయ్యి చాల్లే," అంటోంది అత్తగారు. "చాలు అన్నది నోరు, కంచం కాదు," అంటూ ఇంకో చెంచా వేస్తోంది సత్యవేణి. ఒళ్ళో పెట్టుకున్న ఫోనులో గీత మెట్లు దిగినట్టు దిగుతోంది. నెయ్యి పడితే ఓ మెట్టు, మజ్జిగ పోస్తే ఇంకో మెట్టు. మృణాళిని తన పళ్ళెంలో అన్నం కలుపుతూనే ఉంది, తినడం లేదు. ఆ చిన్నదాని చేతి గాజుల చప్పుడుకే అత్తగారి పొట్ట చల్లబడుతోందని ఆమెకి తోచింది. ఆమె చదువుకున్నది జీర్ణశాస్త్రమే. ఆకలిగా ఉన్న పొట్ట ఎలా ఉంటుందో, అన్నం పడ్డ పొట్ట ఎలా ఉంటుందో మొదటి ఏడాది విద్యార్థులకి బల్ల గుద్ది చెప్పిన మనిషి. కానీ అసూయ పట్టినవాళ్ళకి కళ్ళు ఉండవు, కావలసింది మాత్రం కనబడుతుంది.

చేతులు కడుక్కుంటూనే అనేసింది. "అత్తయ్యా, పుండు మానేదాకా మీరు నా దగ్గర ఉండండి. అక్కడైతే పథ్యం అదీ నేను దగ్గరుండి చూస్తాను."

సత్యవేణి మొహం చిన్నబోయింది. "ఇక్కడ ఏం లోటొచ్చిందక్కా?"

"లోటని ఎవరన్నారు? వైద్యం సంగతి. నీకు తెలియదు."

తెలియదన్న మాటకి సత్యవేణి కంచాలు ఎత్తసాగింది. మాణిక్యాంబ ఇద్దరి మొహాలూ చూసి, "పిలిచింది గదే, వెళ్ళొస్తాను," అంది. సత్యవేణి బట్టల సంచిలో అడుగున గవ్వల మూట కూడా పెట్టింది. మృణాళిని అది చూసింది. చూసి, వాటితో తనూ ఆడగలదు అనుకుంది.

భానుగుడి దగ్గర మూడో అంతస్తులో మృణాళిని ఇల్లు. భర్త ప్రసన్న ఓడల మీద ఉద్యోగం, నెలల తరబడి ఇంట ఉండడు. వంటమనిషి పొద్దున్నే వచ్చి వండి, వేడి పోకుండా డబ్బాల్లో సర్ది వెళుతుంది. "ఒంటిగంటకల్లా తినెయ్యండి, తిన్నాక మందు వేసుకోండి," అని చెప్పి మృణాళిని ప్రయోగశాలకి వెళ్ళింది.

ఒంటిగంట అయింది. చెయ్యి అలవాటుగా ఫోను మీదికి పోయింది. తీసి జేబులో పెట్టేసుకుంది. తన గొంతు వింటేనే ముడుచుకుపోయే పొట్టకి తను ఎందుకు ఫోను చెయ్యాలి? పుండుకి మంచిది కాదు కూడా. ఇది వైద్యమేనని తనకి తను చెప్పుకుంది గాని, అది పంతమని ఆమెకీ తెలుసు. "నువ్వు తిన్నావా" అని పొడిపొడిగా అడిగే ఆ ప్రశ్న వినకపోతే తనకేం నష్టం లేదనుకుంది.

ఏడో నంబరు మాత్రం ఒంటిగంటకి ఠంచనుగా బిగుసుకుంది. ఈసారి వదులవలేదు. రెండయింది, మూడయింది, బిగుసుకునే ఉంది. తీరా సాయంత్రం పడబోతుండగా కాస్త సర్దుకుంది.

నా గొంతే కాదు, నా ఇల్లూ పడలేదన్నమాట, అనుకుంది మృణాళిని. వేణమ్మ కావలసొచ్చిందన్నమాట.

మర్నాడూ అంతే. ఆ తర్వాత కూడా అంతే. గులాబిరంగు తిరుగుతున్న పుండు అంచులు మళ్ళీ పచ్చిగా కనబడసాగాయి. యంత్రం చుక్క మందు వెయ్యవలసిన వేళకి వెయ్యడం లేదు. కొన్నాళ్ళు అసలు వెయ్యనే లేదు. అది కూడా మృణాళిని చూసింది. తన మీద కోపంతో ఆవిడ మందు మానేస్తోందనుకుంది. ఆలోచించే కొద్దీ కుళ్ళు పెరిగిందే గాని, అనుమానం వేరే దారి పట్టలేదు.

"అత్తయ్యా, మధ్యాహ్నం తింటున్నారా?" అంది ఆ సాయంత్రం.

"తింటున్నానమ్మా."

"మందో?"

"తిన్నాక వేసుకోమన్నావు గదా," అంది మాణిక్యాంబ, అటు తిరిగి పడుకుంటూ. గొంతు నీరసంగా ఉంది.

మృణాళిని గవ్వల మూట విప్పింది. నేల మీద సుద్దతో గళ్ళు గీసింది. గీతలు వంకరగా వచ్చాయి, చెరిపి మళ్ళీ గీసింది. "రండి, ఓ ఆట ఆడదాం," అంది, ఎన్నడూ లేనంత ముద్దుగా.

"ఇవాళ వద్దులే అమ్మా. కళ్ళు తిరుగుతున్నట్టుగా ఉంది."

వేణి పిలిస్తే కళ్ళు తిరిగేవి కావు. ఆ మాట మృణాళిని నోటిదాకా వచ్చి ఆగింది. గవ్వలు మూటకట్టేసి, ముడి రెండుసార్లు బిగించి అలమారులో పైఅరలో పడేసింది.

ఆ తర్వాత రెండో రోజు మధ్యాహ్నం ఏడో నంబరు సీసాలో ద్రవం ఎర్రబడింది. ముందు దారప్పోగులా ఒక ఎరుపు చార, చూస్తుండగానే సీసా అంతా పాకింది. ఇక్కడ సీసాలో రక్తం అంటే అక్కడ మనిషిలో రక్తం. మృణాళిని చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది.

తలుపు తీసేసరికి మాణిక్యాంబ భోజనాల బల్ల దగ్గర కింద పడిపోయి ఉంది. నల్లగా కక్కుకుంది. బల్ల మీద అన్నం డబ్బా మూత తియ్యలేదు. కంచం బోర్లించి ఉంది. కంచం పక్కన ఆవిడ ఫోను, చేతికి అందేలా పెట్టి ఉంది. ఆ వేళ మృణాళినికి అవేవీ అర్థం చేసుకునే తెలివి లేదు. అత్తగారి తల ఒళ్ళో పెట్టుకుని అంబులెన్సు కోసం అరుస్తోంది.

ఆస్పత్రిలో గొట్టం దింపి రక్తం ఆపారు. ప్రాణానికి ఫరవాలేదన్నారు. ఖాళీ పొట్ట మీద ఆమ్లం పడీ పడీ పుండు తిరగబెట్టిందనీ, ఈ వయసు మనిషిని అన్నాళ్ళు పస్తు ఎందుకు ఉంచారనీ అక్కడి డాక్టరు కేకలేశాడు.

"పస్తా?" అంది మృణాళిని.

ఆ మాట అప్పుడే వచ్చిన సత్యవేణి చెవిన పడింది. ఆటో దిగి ఉరుకులు పరుగుల మీద వచ్చింది, జుట్టు ముడి ఊడిపోయి ఉంది. మృణాళినిని వసారాలోకి లాక్కెళ్ళింది.

"ఫోను ఎందుకు మానేశావక్కా?"

"ఏ ఫోను?"

"ఒంటిగంట ఫోను! మానేశావా లేదా?"

"నా గొంతు వింటే ఆవిడకి పడదు వేణీ," అంది మృణాళిని. చెప్పకూడనిదంతా చెప్పేసింది. ఏడో నంబరు, బిగుసుకోవడం, గీత, అష్టాచెమ్మా, అన్నీ. చెబుతూ ఏడ్చింది. "నన్ను చూస్తే ముడుచుకుపోతుంది. నీ చేయి తగిలితే చల్లబడుతుంది. నా కళ్ళతో చూశాను."

సత్యవేణి ముక్కున వేలేసుకుంది. తర్వాత మాట కట్టలు తెంచుకుని వచ్చింది.

"అది ఆకలక్కా! మహాతల్లీ, అది ఆకలి! నీ పెళ్ళైన కొత్తలో తిండి మానేసి పని చేసి ఆ ప్రయోగశాలలోనే కళ్ళు తిరిగి పడిపోయావంట కదా. అప్పట్నించీ నువ్వు తిన్నానని చెబితేగాని ఆవిడ ముద్ద ముట్టుకోరు. నేను వేడివేడిగా వడ్డించుకుని ఎదురుగా కూచుంటాను. కంచం బోర్లించి, పక్కన ఫోను పెట్టుకుని అలాగే చూస్తుంటారు. నీ ఫోను వస్తుంది, నువ్వు తిన్నానంటావు, అప్పుడు కంచం తిప్పుతారు. ఎప్పుడూ ఇంతే!"

"తినేశానని చెప్పేవారు కదా..."

"చెప్పకపోతే నువ్వు కంగారుపడతావని. పోనీ మీరే చెయ్యండి అత్తయ్యా అంటే, పనిలో ఉంటుందే, మనం చెయ్యకూడదు అనేవారు." సత్యవేణి పైటకొంగుతో మొహం తుడుచుకుంది. "నీకేం తెలుసక్కా. వండింది నేను, వడ్డించింది నేను, కాళ్ళు పట్టింది నేను. ఆగేది మాత్రం నీ కోసం. నా కోసం ఒక్కపూట ఆగలేదు ఆవిడ. నాకు ఎన్నిసార్లు ఏడుపొచ్చిందో, నిన్ను చూస్తే ఎంత ఒళ్ళుమంటగా ఉండేదో నీకు చెప్పలేదు గాని."

మృణాళిని వసారా గోడకి జారగిలబడింది. గొంతు వినగానే అన్నం వస్తుందని తెలిసిన పొట్ట ముడుచుకోదా మరి? ఆమ్లం ఊరదా? తిన్నాక చల్లబడదా? ప్రతి పాఠ్యపుస్తకంలోనూ ఉన్నదే. గవ్వలకీ గాజులకీ అందులో ఏ పాత్రా లేదు. ఆవిడ పొట్ట రోజూ ఒంటిగంటకి తన పేరే కలవరించింది. తను దాన్ని తిట్టులా విన్నది.

మాణిక్యాంబ తేరుకున్నాక మంచం దగ్గర కూర్చుని, ఆవిడ చెయ్యి పట్టుకుంది. "ఎందుకండీ ఇలా చేశారు?"

"నువ్వు ఫోను చెయ్యలేదు గదమ్మా," అంది ఆవిడ, తప్పు తనదే అయినట్టు. "తినలేదేమో అనుకున్నాను."

"ఇంకెప్పుడూ నా కోసం ఆగకండి. పన్నెండింటికల్లా తినెయ్యాలి. నేను తిన్నానో లేదో అని అడగనే వద్దు. అడిగితే ఆగుతారు. మాటివ్వండి, అత్తయ్యా. నా మీద ఒట్టు."

మాణిక్యాంబ చాలాసేపు ఆమె మొహంలోకి చూసింది. పెద్దకోడలు చెప్పిన వైద్యం ఆవిడ ఎప్పుడూ కాదనలేదు. "సరేలే," అని చేతిలో చెయ్యి వేసింది.

డాక్టర్ సలోమికి మృణాళిని అంతా చెప్పేసింది. ఆవిడ అరవలేదు. అరిస్తేనే బావుండేది. పరీక్ష ముగిసిన రోజున గదికి పిలిచి, తలుపు వేసి చెప్పింది.

"మాత్రదే పైచేయి అయిందమ్మా. పెద్ద తేడా కాదు, ఒక్క పొట్ట తేడా."

"ఏడో నంబరా?"

"అవును. మొదలుపెట్టిన వాళ్ళందర్నీ లెక్కలోకి తీసుకోవాలి. మధ్యలో పాడైంది గదాని తీసి పక్కన పెట్టడానికి వీల్లేదు. ఆ సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు."

"ఏడో నంబరుకి వెళ్ళింది ఏ మందు, మేడమ్?"

సలోమి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "పూత మందు. నీదే. మొదట్లో అన్నిటికంటే బాగా పూడింది చూడు, అదే."

సత్యవేణి చేతి చలవ అనుకుని ఓర్వలేకపోయింది తన మందునే. ఇన్నాళ్ళూ తన పనిని చూసి తనే కుళ్ళుకుంది. ఆ సంగతి మృణాళిని బుర్రకి ఎక్కడానికి కొంతసేపు పట్టింది. ఎక్కాక కూడా ఏడుపు రాలేదు.

"ఇకమీద నువ్వు ఈ పనిలో ఉండవు. అది నీకూ తెలుసు," అంది సలోమి. "సీసాలు ఇవాళ ఆపేస్తున్నాను. మీ అత్తగారి పూస ఇంకా లోపలే ఉంది. చూడాలనుంటే ఒకసారి చూసుకుని వెళ్ళు."

సీసాల గదిలో ఒక్కొక్క దీపమే ఆరిపోతోంది. ఏడో నంబరు ఇంకా వెలుగుతోంది. పుండు చోట సన్నని తెల్లటి మచ్చ. మాణిక్యాంబ జగన్నాథపురానికి తిరిగి వెళ్ళి కొన్నాళ్ళయింది. గవ్వల మూట అలమారు పైఅర నుంచి మృణాళినే తీసి ఇచ్చి పంపింది.

గోడ గడియారంలో ఒంటిగంట. మృణాళిని ఫోను చేసింది. పొద్దున్నించీ ఏమీ తినలేదు. ఇవాళ మాత్రం అబద్ధం ఆడకూడదని నిశ్చయించుకుంది. అడగ్గానే, లేదండీ, ఇంకా తినలేదు అని చెబుతుంది. అత్తగారు కోప్పడితే విందామని ఉంది.

"అత్తయ్యా," అంది, కళ్ళు సీసా మీదే పెట్టి.

ఏడో నంబరు కదల్లేదు.

"ఆఁ, మృణాళినీ! పన్నెండింటికే తినేసేనమ్మా, నువ్వు చెప్పినట్టే. మందు కూడా వేసేసుకున్నాను." వెనక గవ్వలు నేల మీద దొర్లిన చప్పుడు. సత్యవేణి ఏదో అంటోంది, దొంగాట అంటోంది కాబోలు. "ఒంట్లో హాయిగా ఉంది. నువ్వేం బెంగపెట్టుకోకు."

"సరేనండీ."

ఆ ప్రశ్న కోసం ఎదురుచూసింది. అవతల ఒక్క క్షణం నిశ్శబ్దం. అడగబోయి ఆగారేమో తెలియదు. చేతిలో చెయ్యి వేసిన మనిషి.

"ఉంటాను మరి. ఆట మధ్యలో ఉంది," అంది మాణిక్యాంబ. ఫోను ఆగిపోయింది.

సీసాలో పొట్ట లేత గులాబిరంగులో, వదులుగా, నిశ్చింతగా ఉంది. తెర మీద గీత చదునుగా పోతోంది. ఇలాగే ఉండాలని మృణాళిని ఎంతగా కోరుకుంది! తన గొంతుకి బిగుసుకోకూడదని ఎన్ని రోజులు కుమిలింది! ఇప్పుడు బిగుసుకోలేదు. ఈ ఒంటిగంటకి ఎక్కడా ఎవరూ ఆమె కోసం కంచం బోర్లించి కూర్చోలేదు.

పోయిన నెల ఇదే బల్ల దగ్గర నిలబడి, తినకుండా తిన్నానని చెప్పిన ఆ పాత మృణాళిని గుర్తొచ్చింది. సత్యవేణి మీద కూడా ఎన్నడూ పడనంత అసూయ ఆ మనిషి మీద పడింది మృణాళిని.

"ఆపెయ్యమంటావా?" అంది వెనకనించి డాక్టర్ సలోమి, మీట మీద చెయ్యి వేసి.

"ఒక్క నిమిషం ఉండండి మేడమ్," అంది మృణాళిని.